పిట్ట ముక్కు పక్కన పురుగు

వడ్రంగి మాటని పదితో భాగించి వినాలని ఆ వీధిలో ఎప్పుడో ఒప్పందం కుదిరిపోయింది. తను చేసిన నిచ్చెన ఎక్కి పైకప్పు బాగుచెయ్యడానికి వెళ్ళినవాడు దిగేసరికి కింద మనవలు పుట్టేశారని ఆయన చెబితే, ఆ నిచ్చెన కాస్త పొడుగైనదే కాబోలు అనుకునేవాళ్ళు. తన పడక్కుర్చీలో కొలత చూసుకోవడానికి కూర్చున్న పెద్దమనిషి కునుకు తీస్తే, లేపడానికి మనసొప్పక కుర్చీతో సహా మోసుకెళ్ళి వాళ్ళింటి వసారాలో దింపి వచ్చానని చెబితే, సరే, కుర్చీ బాగానే కుదిరిందన్నమాట అనుకునేవాళ్ళు. ఆయన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అలాగని మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళూ కాదు.

అలాంటి మనిషికి తగ్గ వియ్యంకుడే దొరికాడు. ఆయన బోర్డుల పెయింటరు. ఊళ్ళో సగం కొట్ల పేర్లు ఆయన చేతిరాతే. పెళ్ళిమాటలకి కూర్చున్ననాడు వడ్రంగి నిచ్చెన కథ ఎత్తుకుంటే, పెయింటరు గొంతు సవరించుకుని, ఒకసారి తను ఖాళీ గోడ మీద తలుపు బొమ్మ వేశాననీ, పోస్ట్‌మాన్ వచ్చి దాన్ని తట్టి తట్టి, ఇంట్లో ఎవరూ లేరని ఉత్తరం వెనక్కి పంపించేశాడనీ చెప్పాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీళ్ళిద్దరికీ కుదిరింది, ఇక పిల్లలకి కుదిరితే సరి అనుకున్నారు. పిల్లలకీ కుదిరింది. వడ్రంగి కొడుకూ పెయింటరు కూతురూ హాయిగా కాపురం చేసుకుంటుంటే, వియ్యంకులిద్దరూ ఆదివారం ఆదివారం కూర్చుని ఒకళ్ళనొకళ్ళు దులుపుకునేవాళ్ళు. ఈయన ఒకటంటే ఆయన రెండనేవాడు. ఆ రెండూ విని ఇంటికొచ్చిన వడ్రంగి, వారమంతా చిత్రిక పడుతూ మూడోది తయారుచేసుకునేవాడు.

ఆ తర్వాత బోర్డులు అచ్చేసే మిషన్లు వచ్చాయి. కొట్లవాళ్ళు పొద్దున చెప్పి సాయంత్రానికల్లా నిలువెత్తు బోర్డు తగిలించుకోవడం మొదలెట్టారు. పెయింటరు ఎవరితోనూ పోట్లాడలేదు. బ్రష్షులు కడిగి డబ్బాలో పెట్టాడు. కొన్నాళ్ళకి కడగడం కూడా మానేశాడు. అవి డబ్బాలోనే గట్టిపడి చీపురు ముక్కల్లా తయారయ్యాయి. ఆ మనిషి కూడా అలాగే అయ్యాడు. వడ్రంగి ఎంత వెక్కిరించినా, ఎంత గిల్లినా, ఒకటే జవాబు: "అంతేలెండి బావగారూ."

వడ్రంగికి అంతకంటే పెద్ద తిట్టు లేదు. బూతులు తిట్టినా ఓర్చుకునేవాడు గానీ ఈ 'అంతేలెండి'ని మాత్రం భరించలేకపోయాడు. చప్పట్లు కొడదామని చెయ్యి చాపితే అవతలి చెయ్యి జేబులో ఉన్నట్టుండేది.

కోడలికి నాన్న సంగతి ఇంకా బాగా తెలుసు. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. రోజంతా సందుల్లో స్టీరింగ్ తిప్పిన చేతులకి తిన్నగా పోయేదేదో ఒకటి కావాలంటూ, డిపో వెనక ఉన్న విలువిద్య మైదానంలో చేరి బాణాలు వెయ్యడం నేర్చుకుంది. ఆ ఏడు మైదానంవాళ్ళు చెక్కవిల్లుల పోటీ పెట్టారు. కొన్న విల్లు పనికిరాదు, ఎవరింట్లో చేసుకున్నది వాళ్ళు తెచ్చుకోవాలి. డ్యూటీ దిగగానే ఆ ఖాకీ చొక్కాతోనే ఆమె మావగారి పనిశాలకి వచ్చి, కొయ్య దుంగ మీద కూర్చుని సంగతి చెప్పింది.

విల్లు అనగానే వడ్రంగికి ఊపొచ్చింది. చిన్నప్పుడు తను చేసిన విల్లుతో ఒకడు బాణం వదిలితే అదింకా కిందకి దిగలేదనీ, అప్పుడప్పుడూ రాత్రిపూట మెరుస్తూ కనిపించేది అదేననీ మొదలెట్టాడు. కోడలు ఓపిగ్గా అంతా విని, అప్పుడు అసలు మాట చెప్పింది.

"బాణం దిగకపోయినా పర్లేదు మావయ్యా. విల్లు చేశాక దాని మీద బొమ్మలు మా నాన్న చేత వేయించాలి. నాకు పోటీ ఒక సాకు. ఆయన మళ్ళీ బ్రష్షు పట్టడమే నాకు కావాలి."

వడ్రంగి లేచి అటక మీదకి నిచ్చెన వేశాడు.

విల్లు చెయ్యడం ఆయనకి నిజంగానే వచ్చు. ఈ మాటని మాత్రం భాగించక్కర్లేదు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. అటక మీద ఎన్నేళ్ళుగానో ఎండుతున్న మల్బరీ దుంగ ఒకటి ఉంది. దాన్ని దింపి, రంపం పెట్టకుండా, లావుపాటి ఇనప చీలలు దిగ్గొట్టి నిలువునా చీల్చాడు. రంపంతో కోస్తే మనం చెప్పిన దారిన వస్తుంది, చీలిస్తే అదే తన దారి చెబుతుంది అని ఆయన సిద్ధాంతం. చీలిన బద్ద కోడలి ఎత్తు ఉంది. పైబెరడు తీసి, చెట్టు ఏటేటా వేసుకునే పొరల్లో ఒక పొర దగ్గర ఆగి, ఆ పొర ఎక్కడా తెగకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా తేల్చాడు. ఈ పనికి ఉలి కంటే ఓపిక ఎక్కువ కావాలి.

విల్లుకి వీపూ పొట్టా ఉంటాయి. గురివైపు చూసేది వీపు, మనవైపు చూసేది పొట్ట. వీపు మీద గాటు పడకూడదు. పడిందా, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే పుటుక్కుమంటుంది. తగ్గించేదేదైనా పొట్టనే తగ్గించాలి. మనుషులక్కూడా అంతేనంటూ ఆయన తన పొట్ట తడుముకుని, కోడలు నవ్విందాకా ఆగి, మళ్ళీ బాడిస అందుకునేవాడు. బాడిస తర్వాత ఆకురాయి, దాని తర్వాత గాజుపెంకు. పనిశాల గోడకి ఒక కొయ్య మేకు ఉంది. విల్లుని నడిమి పిడి దగ్గర దాని మీద అడ్డంగా ఆనించి, తాడు కిందకి లాగి చూస్తే, పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఎలా వంగుతున్నాయో తెలిసిపోతుంది. సమంగా వంగితే చాలదు. బాణం పిడికిలి పైనుంచి పోతుంది కాబట్టి పై రెక్క కాస్త మెత్తగా, కింద రెక్క కాస్త బిగువుగా ఉండాలి. చూడగానే తెలిసేంత తేడా కాదది, చేతికి తెలిసే తేడా.

ఆ తేడా కుదిరిన రోజున ఆయన చెవి మీది పెన్సిలు తీసి, కింద రెక్క కొసన, వీపు మీద చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. బల్ల కాలైనా, మంచం కోడైనా, తలుపు చట్రమైనా, నేల వైపు వచ్చే కొసకి ఇంటూ పెట్టడం ఆయన చేతికి అలవాటు. నేల ఎటో తెలిస్తే ఆకాశం ఎటో అదే తెలుస్తుందని వాళ్ళ నాన్న అనేవాడు.

విల్లు పట్టుకుని పెయింటరింటికి వెళ్ళినప్పుడు ముందుగదిలో ఆయన భార్య కుట్టుమిషను తొక్కుతోంది. పెయింటరు లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చుని కిటికీ వైపే చూస్తున్నాడు. వడ్రంగి సంగతి చెప్పాడు. చెయ్యి మాట వినడం లేదని ఆయన అన్నాడు. కావలిస్తే మేకులు కొట్టే నా చెయ్యి అప్పిస్తానని ఈయన అన్నాడు. అంతేలెండి అని ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

వడ్రంగికి ఇక మాటలతో పని జరగదని అర్థమైంది. సరే, బావగారికి రానప్పుడు నేనే ఏదో ఒకటి గీసుకుంటాను, నాకొచ్చిన బొమ్మ కాకి ఒక్కటే, తోక తగిలిస్తే నెమలైపోతుంది అంటూ, బల్ల కింద ఉన్న నల్లరంగు డబ్బా మూత ఉలితో లేపాడు. గట్టిపడిన బ్రష్షు ఒకటి లాగి, మొదలంటా ముంచి, నల్లటి ధార కారుతుండగా విల్లు మీదకి తెచ్చాడు. ఇంకో జానెడు దూరంలో ఉండగా పెయింటరు కుర్చీ వెనక్కి పడింది.

"ఆ బ్రష్షుతోనా?" అని మణికట్టు పట్టుకున్నాడు. "ఆ రంగుకి ఈ బ్రష్షా? కింద అస్తరు పూత వెయ్యకుండానా? ముందు అవతల పెట్టండి బావగారూ. పెట్టి, చేతులు కడుక్కోండి."

కుట్టుమిషను ఆగిపోయింది. వడ్రంగి చేతులు కడుక్కుని, విల్లు అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. వీధి మలుపు తిరిగాకే నవ్వాడు.

ఆ తర్వాత పెయింటరు గదిలోకి ఎవరికీ ప్రవేశం లేదు. కోడలే కబుర్లు మోసేది. నాన్న బ్రష్షులన్నీ నానబెట్టాడట. సగం పనికిరావని కొత్తవి కొన్నాడట. ఆకుపచ్చ అంటే ఏ ఆకు పచ్చ అని కొట్టువాడితో వాదన పెట్టుకున్నాడట. అన్నం చల్లారిపోతోందని అమ్మ పిలిస్తే, రంగు ఆరిపోతోంది ఉండమన్నాడట. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు బస్సు హారన్ అంత ఎత్తున పలికింది.

పెయింటరు తనే పాత దుప్పటిలో చుట్టి విల్లు తెచ్చాడు. పనిశాలలో బల్ల మీద పెట్టి విప్పాడు. వీపు పొడుగునా, ఒక కొసన మట్టికుండ, ఆ కుండలోంచి లేచిన తీగ, తీగ మెలికల్లో గోరంత పూలు, ప్రతి ఆకుకీ కుడివైపు సన్నటి నీడ. పిడి దగ్గర తీగ చెయ్యి పట్టుకోవడానికి చోటిచ్చినట్టు రెండుగా చీలి మళ్ళీ కలిసింది. పైకొసన, చివరి ఆకు పక్కన, నీలిరంగు లకుముకి పిట్ట. ముక్కు మూసుకుని, మెడ ముందుకు చాపి, కింద నీళ్ళున్నట్టే చూస్తోంది.

అంత మెల్లగా రంగు వేస్తే పిట్ట గుడ్లు కూడా పెట్టేసి ఉంటుందే, అవేవీ అని వడ్రంగి అడిగాడు. మీ చెక్క చూసి భయపడి పెట్టలేదని పెయింటరు అన్నాడు. వడ్రంగి భార్య గుమ్మంలోంచి వింటూ, బతికించారు, మొదలెట్టారు అనుకుంది.

మర్నాడు కోడలు తెల్లారగట్లే మైదానానికి వెళ్ళి వచ్చింది. వచ్చినామె ముఖం వాడిపోయి ఉంది. మొదటి బాణం గురి మీదుగా పోయి గడ్డికోసే మిషను సీటులో గుచ్చుకుందట. రెండోది ఎక్కడ పడిందో మైదానం తోటమాలికీ తెలియదట. విల్లు చేతిలో గింజుకుంటోంది మావయ్యా, నా పట్టులోనే ఏదో తేడా ఉందేమో అంది. డ్యూటీకి టైమైపోతుంటే విల్లు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

వడ్రంగి విల్లుని గోడ మేకుకి ఆనించి తాడు లాగాడు. లాగి, కళ్ళు నులుముకుని, మళ్ళీ లాగాడు. మెత్తగా వంగాల్సిన రెక్క బిర్రబిగుసుకుని ఉంది, బిగువుగా ఉండాల్సినది వంగిపోతోంది. తన చేతి పని తనని మోసం చెయ్యదే అనుకుంటూ విల్లు దింపి వెలుతురులోకి తీసుకెళ్ళాడు. ఏటవాలు ఎండ పడగానే, పిట్ట ముక్కు పక్కనున్న ఆకు కింద, పలచటి ఆకుపచ్చలోంచి, పెన్సిలు గీతలు రెండు కనిపించాయి. ఇంటూ గుర్తు.

నేల వైపు కొసన తను పెట్టిన ఇంటూ ఆకాశంలో ఎందుకుందో ఆయనకి ఒక్క క్షణం బోధపడలేదు. అంతలో గుర్తొచ్చింది. బోర్డుల పెయింటరు ఏ బోర్డుకైనా పైఅంచున ఇంటూ పెడతాడు, తగిలించేవాడు తలకిందులు చెయ్యకుండా. వడ్రంగికి ఇంటూ అంటే నేల. పెయింటరుకి ఇంటూ అంటే ఆకాశం. పాపం ఆయన తన లెక్క ప్రకారం పిట్టని పైన కూర్చోబెట్టాడు, కుండని కింద పెట్టాడు. విల్లు మాత్రం శీర్షాసనం వేసింది.

వడ్రంగి చిత్రిక పొట్టు కుప్ప మీద కూలబడి నవ్వాడు. ఎన్నేళ్ళు ఎదురుచూసినా దొరకని అవకాశం. నిజానికి తప్పులో సగం వాటా తనదే. చెప్పకుండా గుర్తు పెట్టినవాడు తను, అడక్కుండా చదివినవాడు ఆయన. అయితేనేం, వెక్కిరింతకి వాటాలు చూసుకుంటామా? భార్యని పిలిచి చెప్పి, చెప్పులు వేసుకున్నాడు.

ఆమె నవ్వింది గానీ దారికి అడ్డం మాత్రం రాలేదు. "వెళ్ళి చెప్పి రండి. విన్నాక ఆయన ఆ బ్రష్షు ఎక్కడ పెడతాడో అది కూడా చూసి రండి" అంది.

ఆ మాట చెవిన పడింది గానీ కాళ్ళు అప్పటికే వీధిలో ఉన్నాయి. దారి పొడుగునా ఆయన మాటలు చెక్కుకున్నాడు. బావగారూ, బొమ్మ మీరు నిలబడి వేశారా, తల కింద పెట్టి వేశారా? కాదు, ఇంకా నున్నగా ఉండాలి. బావగారూ, మీ ఇంట్లో వాన కింద నుంచి పైకి కురుస్తుందా? ఇదీ బాగుంది. రెండూ వరసగా అంటిస్తే మనిషి లేవకూడదు.

పెయింటరు ఇంటి ముందు స్టూలు వేసుకుని గేటుకి ఇంటి నంబరు వేస్తున్నాడు. గోడ మీది ఉత్తరాల పెట్టె అప్పటికే ఎర్రగా మెరిసిపోతోంది. పక్కింటివాళ్ళ గేటు మీద కూడా నంబరు తడితడిగా ఉంది. వాళ్ళు అడిగినట్టు కూడా లేదు. ఆయన చెవి వెనక ఒక బ్రష్షు, పళ్ళ మధ్య ఒకటి, చేతిలో ఒకటి. పళ్ళ మధ్యది తీసి, ఆత్రంగా అడిగాడు, అమ్మాయి బాణాలు వేసిందా, బొమ్మ ఎవరైనా చూశారా అని.

వడ్రంగి నోరు తెరిచాడు. పెయింటరు ఆగలేదు.

"ఒక మాట చెప్పనా బావగారూ. వేస్తున్నంతసేపూ భయమే. ఇది గానీ తప్పితే ఇక ఈ డబ్బా జన్మలో తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నా. తప్పలేదు. ఎక్కడా తప్పలేదు కదూ?"

వడ్రంగి తెరిచిన నోరు మూశాడు. నాలుక మీద రెండు మాటలూ, ఇంత నున్నగా చెక్కినవి, నిప్పుకణికల్లా ఉన్నాయి. "బాగుంది. అంతా బాగుంది" అన్నాడు.

పెయింటరు కాసేపు చూశాడు. ఇంకేం లేదా అని అడిగాడు. ఇంకేముంటుందని వడ్రంగి అన్నాడు. పెయింటరు స్టూలు దిగి దగ్గరికొచ్చి, కళ్ళలోకి చూసి, ఒంట్లో బాగానే ఉందా, జ్వరమేమైనా వచ్చిందా అని అడిగాడు. లోపల్నుంచి ఆయన భార్య గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వడ్రంగి ఆ నీళ్ళతో పాటు రెండు మాటలూ మింగేశాడు. మింగడం అలవాటులేని గొంతు కాబట్టి కాస్త పొరబోయింది.

ఇంటికొచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. బొమ్మని తిప్పడానికి వీల్లేదు. చెక్కనే తిప్పాలి. బొమ్మంతా వీపు మీద ఉంది, తగ్గించాల్సినది పొట్ట. పిట్ట వైపున్న రెక్క పొట్టని గీకుతూ పోతే అది మెత్తబడి పై రెక్క అవుతుంది, రెండోది దానంతటదే కింద రెక్క అయి కూర్చుంటుంది. చెప్పడానికి తేలికే. ఒక్క గీకుడు ఎక్కువైతే విల్లు పుల్ల అయిపోతుంది. గీకినది మళ్ళీ అతకదు. ఇంకో విల్లు చేద్దామంటే ఇంకో మల్బరీ దుంగ లేదు, పెయింటరుకి ఏం చెప్పి ఇంకోసారి బొమ్మ వేయించాలి?

కోడలికి సంగతి చెప్పి, ఆమెకి సెలవు దొరికిన రోజు మధ్యాహ్నం ముగ్గురూ పనికి దిగారు. బల్ల మీద పాత దుప్పటి మడతలు వేసి, పిట్టకి దెబ్బ తగలకుండా విల్లుని బోర్లా పడుకోబెట్టారు. వడ్రంగి కొత్త గాజుపెంకు తీసుకుని, పొట్ట మీద పొడుగ్గా, తేలిగ్గా లాగాడు. పొట్టు కాదు, పొడి లేచింది. నాలుగు గీకుళ్ళు, మళ్ళీ గోడ మేకు, మళ్ళీ తాడు. తాడు లాగడం కోడలి పని. దూరం నుంచి చూసి తీర్పు చెప్పడం భార్య పని. ఆమె గుమ్మానికి ఆనుకుని, ఎడమది ఇంకా అలిగిన ఆడపడుచులా బిగదీసుకుంది, ఇంకొంచెం బతిమాలండి అనేది. ఆయన బతిమాలేవాడు. ఇప్పుడు మూతి తిప్పుకోవడం తగ్గింది గానీ ఇంకా మాట కలపడం లేదు అనేది. మళ్ళీ గాజుపెంకు. మధ్యలో ఒకసారి కిటికీ దగ్గర వెలుతురు తగ్గి మళ్ళీ వచ్చింది. మబ్బేమోననుకుని ఆయన తలెత్తలేదు.

ఎంతసేపు పట్టిందో గానీ వడ్రంగి ఆ మధ్యాహ్నం ఒక్క కథ కూడా చెప్పలేదు. కోడలికి అది విల్లు కంటే వింతగా అనిపించింది. చివరికి భార్య గుమ్మం వదిలి రెండడుగులు ముందుకొచ్చి, ఊఁ, కలిసిపోయారు, ఇక ముట్టుకోకండి అంది. ఆయన చేతిలో గాజుపెంకు ఇంకో గీకుడు కోసం దిగుతూ సగంలో ఆగింది. కోడలు పిట్ట తల పైకి పెట్టి, తాడు దవడ దాకా లాగి, మెల్లగా వదిలి, మళ్ళీ లాగింది. బిగువు కాస్త తగ్గింది. పాత బస్సు పోయి కొత్త బస్సు ఇచ్చినట్టుంది మావయ్యా, గేరు దానంతటదే పడుతోంది అంది.

పోటీనాడు మైదానంలో రకరకాల విల్లులు దిగాయి. ఒకటి మరీ మంచం పట్టెలా ఉంది. ఒకటి సగం దారిలోనే టప్పుమని విరిగి, వేసినవాడు చేతిలో పిడితో మిగిలాడు. కోడలి విల్లు దుప్పటిలోంచి బయటికి రాగానే బాణాలు ఏరుకుంటున్నవాళ్ళు కూడా ఏరడం ఆపి వచ్చి చూశారు. పెయింటరు చేతులు వెనక కట్టుకుని, తనకేం సంబంధం లేనట్టు అక్కడక్కడే తిరిగాడు.

మొదటి బాణం వదిలినప్పుడు వడ్రంగి కళ్ళు మూసుకున్నాడు. థక్కుమని గడ్డిదిమ్మలో దిగిన చప్పుడు విని తెరిచాడు. నడిమధ్య కాదు గానీ దాని పక్కింట్లోనే ఉంది. రెండోదీ అక్కడే. సాయంత్రానికి కోడలు రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం ఊళ్ళో పళ్ళ డాక్టరుది. ఆయన విల్లు ఎవరో పారేసిన చీపురుకర్రలా ఉంది గానీ బాణాలు మాత్రం పన్ను పీకినట్టు ఒక్క చోటే దిగాయి. గెలిచిన ఆ డాక్టరే వచ్చి పెయింటరు ముందు నిలబడి, నా కర్రకి కూడా ఇలా ఏదైనా బొమ్మ వేసి పెడతారా, అద్దంలో చూసుకోలేకపోతోంది పాపం అని అడిగాడు. పెయింటరు ఉండండి, ఇప్పుడే వస్తానంటూ వడ్రంగి భుజం మీద చెయ్యి వేసి, స్కోరు బోర్డు వెనక్కి తీసుకెళ్ళాడు.

"బావగారూ, ఎవరితోనూ అనను, ఒట్టు" అన్నాడు గొంతు తగ్గించి. "విల్లు తలకిందులుగా చేశారు కదూ?"

వడ్రంగి స్కోరు బోర్డు అంచు పట్టుకున్నాడు.

"నాకు తెలుసులెండి. పైన అని మీరే ఇంటూ పెట్టారు, ఆ పక్కనే పిట్టని వేశా. తీరా చూస్తే అది కింద రెక్క. ఆ రోజు మా గేటు దగ్గరికొచ్చి ఒక్క వెక్కిరింతైనా లేకుండా వెళ్ళారు చూడండి, అప్పుడే అనుకున్నా, ఈ మనిషి ఏదో తప్పు చేసి దాచుకుంటున్నాడని. టర్పెంటైన్ కొనుక్కుని మీ పనిశాల మీదుగా పోతూ కిటికీలోంచి చూశా. పాపం, నా బొమ్మకి దెబ్బ తగలకుండా దుప్పటి పరిచి పిట్ట వైపు రెక్కని గీకుతున్నారు. ఇన్నేళ్ళ వడ్రంగం చేసి, పైనా కిందా మర్చిపోయారా బావగారూ?"

ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. పెళ్ళిమాటల నాడు తలుపు కథ చెప్పినప్పటి వెలుగు అది. వడ్రంగి నాలుక మీదకి నిజం వచ్చి కూర్చుంది. ఒక్క వాక్యం చాలు. ఇంటూ పైన కాదు బావగారూ, కింద. పెయింటరు భుజం మీదుగా చూస్తే, అక్కడ పళ్ళ డాక్టరు చీపురుకర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన వెనక ఇంకెవరో కూడా నిలబడ్డారు.

"అంతేలెండి బావగారూ" అన్నాడు వడ్రంగి.

ఎవరితోనూ అననని పెట్టిన ఒట్టుని పెయింటరు అక్షరాలా నిలబెట్టుకున్నాడు. నోటితో ఎవరికీ చెప్పలేదు. తర్వాతి ఆదివారం వచ్చినప్పుడు పనిశాలలోని స్టూళ్ళన్నిటి మీదా, పైకి చూపిస్తూ ఒక్కో చిన్న బాణం గుర్తు వేసి పోయాడు. ఆ పై ఆదివారం నిచ్చెనకి వేశాడు. ఆ తర్వాత, పనులు మీద పడి తీరికలేకపోయినా తీరిక చేసుకుని, వడ్రంగి పనిశాలకి కొత్త బోర్డు బహుమతిగా తెచ్చాడు. దూలమంత పలక మీద లావుపాటి అక్షరాలు, ఒక్కో అక్షరం చెక్కలోంచి చెక్కి తీసినట్టు నీడలతో సహా. మిషన్లో అచ్చయ్యే బోర్డులు దాని పక్కన పెడితే వెలవెలబోతాయి. మూలన మాత్రం, కావలసినవాళ్ళకి మాత్రమే కనపడేలా, ఒక బాణం గుర్తూ, కింద 'ఈ వైపు పైకి' అన్న మాటా ఉన్నాయి.

వడ్రంగి భార్య ఆ మూల చూసి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. వడ్రంగి మేకులు తెచ్చి, నిచ్చెన వేసి, బోర్డుని వీధిలోకి అందరికీ కనపడేలా, ఎత్తుగా, తిన్నగా బిగించాడు. ఎందుకంటే దాన్ని చూసి ఎవరు వేశారని అడిగేవాళ్ళుంటారు. అడిగారు కూడా.

బోర్డు బిగించే వేళకి కోడలు మైదానం నుంచి వస్తూ విల్లు అక్కడే గోడకి ఆనించింది. తన విల్లుకి వేయించుకునే బొమ్మ సంగతి మాట్లాడడానికి వచ్చిన పళ్ళ డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని, సాయంకాలపు ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. పిట్ట ముక్కు పక్కన, ఆకు కింద ఏవో రెండు గీతలున్నాయే, ఏమిటవి అని అడిగాడు. పెయింటరు గుంభనంగా నవ్వి, ఆ సంగతి మా బావగారినే అడగండి అన్నాడు. కోడలు మావగారి వైపు చూసింది. గుమ్మంలోంచి భార్య కూడా చూసింది.

వడ్రంగి నిచ్చెన మీదే కూర్చుని, నోట్లో ఉన్న చివరి మేకు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అది పురుగు డాక్టరుగారూ. పిట్ట తింటుందని నేనే పెట్టా."

"మరి తినలేదేం?"

"నోరు తెరిస్తే లోపలున్నది బయటికొచ్చేస్తుందని దాని భయం."

నోరు తెరిపించడం నా వృత్తి, ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టండి అన్నాడు డాక్టరు.

"దీని నోరు మాత్రం మీ వల్ల కాదు" అని వడ్రంగి చివరి మేకు కొట్టేశాడు.